బిర్యానీకి పల్లకి

నన్ను ఉద్యోగంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తీసెయ్యాల్సిన రోజు ఒకటి ఉంది. ఆ రోజు నా కుర్చీ నాకు భద్రంగానే ఉంది. పని పోయింది వేరే మనిషికి.

యాభై రెండేళ్లకే రిటైరయ్యానంటే మీ కుర్రకారుకు నవ్వొస్తుందని తెలుసు. నేనేం సర్కారు కొలువు చెయ్యలేదు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకుల వెనక సందులో, ఒక పాత మేడ మొదటి అంతస్తులో, తిండి ఇళ్లకు చేరవేసే యాప్ కంపెనీ ఒకదానికి ఆఫీసుండేది. పదకొండు మందిమి. ఫిర్యాదులు వినడం మా పని. కొన్నాళ్లకు వినడానికి కూడా యంత్రం వచ్చింది, ఆఫీసు మూతపడింది, తలా ఒక కాఫీ మగ్గు చేతిలో పెట్టి పంపించారు. ఇప్పుడు మీకు ఫోన్లో "క్షమించండి, మీ ఇబ్బంది మాకు అర్థమైంది" అని కనబడుతోందే, ఆ మాట ఒకప్పుడు మేము నోటితో అనేవాళ్లం. అర్థం కాకపోయినా అనేవాళ్లం.

ఏం ఫిర్యాదులవి! "తెచ్చినాయన మొహంలో నవ్వు లేదు" అని ఒకావిడ. "నేను స్నానం చేసి వచ్చేదాకా గుమ్మం దగ్గర ఆగమంటే ఆగలేదు" అని ఒకాయన. ఇంకొకాయనైతే, "ఎట్లాగూ కిందికి దిగుతడు గదా మేడం, మా చెత్తబుట్ట పట్టుకపొమ్మంటే పట్టుకపోలే, గిదేం సర్వీసు?" అని అరగంట వాదించాడు. వాదన నాకు కొత్త కాదు. కాలేజీలో వక్తృత్వ పోటీల కప్పులన్నీ మా ఇంటికే వచ్చేవి. పెళ్లయ్యాక మా అత్తగారు నాతో ఏదైనా విషయం ఎత్తాలంటే ముందు మంచినీళ్లు తాగి కూర్చునేది. అలాంటిదాన్ని తీసుకొచ్చి హెడ్‌సెట్ పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా "సారీ సర్, సారీ మేడం" అనిపిస్తే, అనకుండా మింగిన మాటలన్నీ ఎక్కడికి పోవాలి?

ఇంటర్నెట్టుకు పోయాయి. పేరు పెట్టుకోకుండా, గుడ్లగూబ బొమ్మతో ఒక ఖాతా నడిపేదాన్ని. ఒకనాడు హిమాయత్‌నగర్ పెద్దమనిషి ఒకాయన పొడుగాటి పోస్టు రాశాడు. ఆయనది నాలుగో అంతస్తు. లిఫ్టు చెడిపోయిందట. రైడరు కిందికొచ్చి తీసుకోమన్నాడట. ఈయన దిగి వెళ్లేసరికి బిర్యానీ చల్లబడిందట, ఆదివారం పాడైందట, "దీనికి జవాబుదారీ ఎవరు?" అట. దాని కింద నేను ఒకే వాక్యం రాశాను: "అయ్యో, మీ బిర్యానీకి పల్లకి పంపలేదా దొరా?"

అంతే. రెండు రోజుల్లో ఆ మాట నాది కాకుండా పోయింది. "పల్లకి బ్యాచ్" అన్నారు, "పల్లకి దొర" అన్నారు, "పల్లకి ఆంటీ" అన్నారు. పక్క సందులోంచి ఇడ్లీ తెప్పించుకున్నవాళ్ల ఆర్డరు ఫొటోలు పెట్టి "బోయీలు బయల్దేరారు" అని రాశారు. బిర్యానీ హండీ కాలు మీద కాలేసుకుని పల్లకిలో పోతున్నట్టు బొమ్మలు గీశారు. ఆబిడ్స్‌లో ఆదివారాలు పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద ఆ బొమ్మ అచ్చేసిన టీషర్టులు నా కళ్లతో చూశాను. బేరం కూడా ఆడాను. ఆ బొమ్మల్లో పల్లకి మోసేవాళ్లకు మొహాలు లేవు. అది నేనప్పుడు గమనించలేదు.

మా కంపెనీలో చేరేటప్పుడు అందరం ఒక కాగితం మీద సంతకం పెట్టాం. కస్టమర్లను బయట ఎక్కడా ఎగతాళి చెయ్యకూడదు, చేస్తే ఆ రోజే ఇంటికి. కాబట్టి గుడ్లగూబ నేనేనని ఎవరికీ చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఊరంతా నా మాటే అంటూ ఉంటే, అది నాదని ఒక్కరికైనా చెప్పుకోకపోతే నాకు అన్నం దిగదు. నా పక్క సీటు అమ్మాయికి చెప్పాను. నల్లగొండ పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి, నన్ను అక్కా అని నోరారా పిలిచేది.

చెప్పింది ఒక బుధవారం మధ్యాహ్నం. బుధవారం రైడర్ల రోజు. యాప్‌లో తేలని గొడవలుంటే వాళ్లు స్వయంగా మెట్లెక్కి మా దగ్గరికి వచ్చేవాళ్లు. గోడవారగా బెంచీ వేసి ఉండేది. ఆ బెంచీ చివర ప్రతి బుధవారం ఒకాయన కూర్చునేవాడు. ఆయనకు ఏ గొడవా ఉండేది కాదు. కంపెనీ నోటీసులన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. మిగతా రైడర్లకు వాటిని చదివి, తెలుగులో చెప్పడానికి వచ్చేవాడు. యాభై నాలుగేళ్లు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. ముప్పై ఏళ్లు నాంపల్లి కోర్టుల బయట తడక కింద రెండు మిషన్లు పెట్టుకుని, ఒకదాని మీద తెలుగు, ఒకదాని మీద ఇంగ్లీషు దరఖాస్తులు టైపు చేసిన మనిషి. కంప్యూటర్లు వచ్చి మిషన్లు మూలకు చేరాక, యాభై దాటిన వయసులో బండి మీద తిండి మోసే పనికి వచ్చాడు. రైడర్లందరూ టైపు సారు అనేవాళ్లు. మేమూ అలాగే అనేవాళ్లం.

"ఏందక్కా! గా గుడ్లగూబ నువ్వేనా? నేను మా ఆయనకు గూడ పంపిన గది!" అని నల్లగొండ పిల్ల కుర్చీలోంచి లేచింది.

"మెల్లగ అనవే, నౌకరి ఊడుతది," అన్నాను, పకపకా నవ్వుతూనే.

బెంచీ చివరి నుంచి ఇంకో నవ్వు వినబడింది. టైపు సారు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

"మాట మంచిగున్నది మేడం," అన్నాడు. "బూతు లేదు, తిట్టు లేదు. తాకాల్సినోనికి తాకుతది. ఒక్కసారన్న అనబుద్ధయితది."

"అనుండ్రి సార్. నా పర్మిషన్ ఉన్నది," అన్నాను. "ఎవరన్న అడిగితే నా పేరు చెప్పుండ్రి."

"గట్లనే మేడం," అన్నాడు.

నెల తిరక్కుండానే అన్నాడు.

నాంపల్లి స్టేషను వెనక సందులో మూడో అంతస్తు ఇల్లు. లిఫ్టు లేదు. మిట్టమధ్యాహ్నం. ఆ ఇంటావిడ కూతురి పుట్టినరోజుకి బిర్యానీలు తెప్పించుకుంది. టైపు సారు మెట్లెక్కి తలుపు కొట్టాడు, లోపల పాటల మోతలో ఎవరూ వినలేదు, ఫోనూ ఎత్తలేదు. కిందికి దిగాడు. దిగాక ఆవిడే ఫోను చేసి రమ్మంది. మళ్లీ ఎక్కాడు. సంచీ విప్పి చూస్తే పెరుగు చట్నీ లేదు. అది హోటలువాళ్ల పొరపాటు. వెళ్లి తెచ్చిపెట్టమంది ఆవిడ. ఇంకో ఆర్డరు చేతిలో ఉంది తల్లీ అన్నాడు ఈయన. ఆవిడ ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది.

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో చెప్పను. "నీ పేరేంది? కంప్లైంట్ చేస్తున్న, చెప్పు!" అని ఆవిడ గొంతు. గుమ్మంలో టైపు సారు, చొక్కా టక్ చేసుకుని, మెడ చుట్టూ చెమట తుడుచుకుంటూ. కోపం లేదు ఆ మొహంలో. రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, బిర్యానీ తెచ్చిన. పల్లకి తేలేదు. తప్పయింది," అన్నాడు. తిరిగి మెట్లు దిగిపోయాడు.

ఆయన పరువు తీద్దామని ఆవిడ దాన్ని ఇంటర్నెట్లో పెట్టింది. జనం ఆవిడ పరువు తీశారు. "పల్లకి తాతకు సలాం" అని వేలం వెర్రిగా పంచుకున్నారు. తాత అంట! నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద, అంతే. అలా సలాం కొట్టినవాళ్లలో చాలామంది ఆ పూట భోజనం ఏ తాత చేత తెప్పించుకున్నారో నాకు తెలుసు, ఫిర్యాదులు నా దగ్గరికే వస్తాయి కదా. గుడ్లగూబ కూడా సలాం కొట్టింది. ఆ సంగతి దాచను.

మూడో రోజు ఆవిడ ఫోను చేసింది. అదృష్టం చూడండి, కాల్ నాకే వచ్చింది.

"మా పాప క్లాసుల పిల్లలు 'మీ మమ్మీ పల్లకి ఆంటీ' అంటున్నరంట మేడం. రెండు దినాల సంది బడికి పోనంటున్నది," అని ఏడ్చింది. "నేను అడిగింది పెరుగు చట్నీ. ఆయన పానం అడిగిన్నా? ఇంట్ల చుట్టాలు కూసున్నరు, ఆకులేసినం, ఆ పరేషాన్ల వీడియో తీసిన. తప్పే. గానీ గింత చేస్తరా? అసలు గా మాట పుట్టిచ్చినోళ్ల నోట్ల మన్నుబడ!"

"ఔ మేడం," అన్నాను. ఉద్యోగ ధర్మం.

"ఆయన నౌకరి తీయమంటలేను నేను. జర సారీ చెప్పమనుండ్రి, సాలు."

ఆవిడ అడిగినట్టే పైవాళ్లకు రాసి పంపాను. అంతవరకు నిజాయితీగానే చేశాను. కానీ అప్పటికే విషయం ఆవిడ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. కంపెనీ పేరు వీడియోలో సంచీ మీద కనబడుతోంది. గురువారం పదకొండు గంటలకు విచారణ అన్నారు.

విచారణ అంటే కోర్టు ఊహించుకోకండి. అద్దాల గది, ఒక తెర, తెర మీద చెన్నైలో కూర్చున్న పెద్ద సారు. ఆయనకు ఇంగ్లీషూ తమిళమూ తప్ప మరో భాష రాదు. అచ్చేసిన ప్రశ్నల పత్రం ఒకటుంటుంది. ఆయన ఇంగ్లీషులో చదువుతాడు, నేను తెలుగులో అడగాలి, రైడరు చెప్పింది ఇంగ్లీషులో చెప్పాలి. టైపు సారుకి ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చని ఆఫీసులో అందరం ఎరుగుదుం. అయినా రూలు రూలే. రైడరును సొంత భాషలోనే అడగాలి, రేపు నాకు అర్థం కాలేదు అనకుండా.

ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. సొంతంగా రాసుకొచ్చిన సంజాయిషీ. ఆయన చేసి వచ్చిన పని అలాంటిది. కాగితం లేకుండా ఎవరి ముందూ నిలబడడు.

"కాగితాలు తీసుకోవడానికి మన దగ్గర వీలు లేదని చెప్పండి," అన్నాడు పెద్ద సారు తెరలోంచి. "దాన్ని జత చెయ్యడానికి చోటు లేదు. నోటితో చెప్పమనండి."

ఆ మాట నేను చెప్పేలోపే టైపు సారు కాగితం వెనక్కి తీసుకోబోయాడు. నేను అందుకుని ఒకసారి చదివాను. "గౌరవనీయులైన మేనేజరు గారి సముఖమునకు, విధేయుడు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలైంది. రెండుమార్లు మెట్లెక్కిన అలసటలో నోరు జారినానని, సదరు తల్లిగారిని క్షమాపణ కోరుచున్నానని రాశాడు. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఆ మాట ఎక్కడిదో, ఎవరిదో, అందులో ఒక్క ముక్క లేదు. అంటే ఇంట్లో కూర్చుని కాగితం రాసుకున్నప్పుడే ఆయన నా పేరు బయటికి రాకుండా వదిలేశాడు.

మొదటి మూడు ప్రశ్నలూ సులువుగా గడిచాయి. అన్నారా? అన్నాను. ఆవిడ మిమ్మల్ని తిట్టిందా? లేదు. బాధపడుతున్నారా? పడుతున్నాను.

నాలుగో ప్రశ్నలో రెండు వాక్యాలుంటాయి. ఈ మాట మీరు ఎక్కడ నేర్చుకున్నారు? మా సిబ్బందిలో ఎవరైనా మిమ్మల్ని ప్రోత్సహించారా?

రెండోదానికి అవునని వస్తే పత్రంలో పేజీ మారుతుంది. తప్పు సిబ్బంది మీదికి పోతుంది, రైడరుకు ఒక హెచ్చరిక ఇచ్చి మర్నాడే బండెక్కనిస్తారు. అంతకు ముందు ఒకసారి అలా జరిగింది. ఆ పత్రం నేనే నింపాను. అందుకని ఆ రెండో వాక్యం బరువెంతో ఆ గదిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పెద్ద సారు రెండు వాక్యాలూ చదివాడు. టైపు సారు తెర మీంచి చూపు తిప్పి నా వైపు చూశాడు.

"ఈ మాట ఎక్కడ నేర్చుకున్నరు?" అని అడిగాను.

అక్కడ ఆగాను.

ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టే ఆగాను. మిగతా సగం నోట్లోనే ఉంది. మా ఇంట్లో నా ఒక్కదాని జీతం మీదే బతుకుతున్న సంవత్సరం అది. ఆ సాకు ఇక్కడ రాయకూడదని అనుకున్నాను. రాసేశాను.

ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు, రావాల్సింది ఇంకేదో ఉన్నట్టు. తొందరపెట్టలేదు. సందులో ఎవరో ఆటో వెనక్కి తీస్తున్నారు, అది తీయడం అయిపోయేదాకా చూశాడు. తర్వాత చూపు దించుకున్నాడు.

"ఫోన్ల చూసిన మేడం," అన్నాడు. "అందరు అంటున్నరు గద."

ఇంటర్నెట్లో నేర్చుకున్నాడట అని ఇంగ్లీషులో చెప్పాను.

"మరి రెండో భాగం?" అన్నాడు పెద్ద సారు.

"నో," అన్నాను.

ఇంత నోరున్న మనిషిని, ఎన్నో వాదనలు గెలిచినదాన్ని, నా ఉద్యోగ జీవితం మొత్తంలో తిరుగులేకుండా పనిచేసిన మాట ఆ ఒక్కటే. టైపు సారు ఆ ఇంగ్లీషు ముక్క విన్నాడు. తల ఎత్తలేదు. బల్ల మీద ఉన్న తన కాగితం తీసుకుని, ఉన్న మడతల ప్రకారమే మళ్లీ మడిచి, జేబులో పెట్టుకున్నాడు. లేచి నాకు నమస్కారం పెట్టాడు. తెరకు పెట్టలేదు, నాకే పెట్టాడు. వెళ్లిపోయాడు.

భోజనాల వేళకి యాప్‌లో ఆయన ఐడీ మూసేశారు, ఇక ఆర్డర్లు రావు.

నల్లగొండ పిల్ల టిఫిను డబ్బా మూత తియ్యకుండానే అడిగింది.

"నీ పేరు చెప్పిండా అక్కా?"

"చెప్పలే."

"నువ్వు అడిగినవా?"

నేను చారు కలుపుకుంటున్నాను.

"అక్కా, నిన్నే. నువ్వు అడిగినవా?"

"అడిగిన," అన్నాను. సగం అడిగాను కదా, అది అబద్ధం ఎలా అవుతుంది అని నాలో నేనే వాదించుకున్నాను. ఆ పిల్ల నన్ను కాసేపు చూసి, డబ్బా తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లింది. మర్నాటి నుంచి మేడం అని పిలిచింది. ఆఫీసు మూసేదాకా, రెండేళ్లకు కాస్త తక్కువ, పక్క సీట్లో కూర్చుని మేడం అనే పిలిచింది. నా పుట్టినరోజుకి కేకు కూడా తెచ్చింది, "హ్యాపీ బర్త్‌డే మేడం" అంది.

గుడ్లగూబ ఖాతా ఆ సాయంత్రమే తీసేశాను. పశ్చాత్తాపం అనుకునేరు. సాక్ష్యం తుడిచెయ్యడం అది. ఇంటర్నెట్టుకి నా అవసరం ఏమీ లేకపోయింది. పది రోజుల్లో నవ్వుకోవడానికి ఇంకో మాట దొరికింది, దాన్ని పట్టుకుని పోయారు. పల్లకి తాతకు సలాం కొట్టిన అన్ని చేతుల్లో, ఆయన ఇప్పుడు ఏం చేస్తున్నాడు అని అడిగిన చెయ్యి ఒక్కటీ లేదు. ఆ ముసలాయన మా తరపున మాట్లాడాడు అని మురిసిపోయారే, ఎవరి తరపున? అందరూ నవ్వింది పల్లకిలో కూర్చున్నవాళ్లను చూసే కానీ, ఆ నవ్వుకు మూల్యం కట్టింది మోసినాయన. మీలో ఇలాంటి మాటలు పుట్టించే చలాకీవాళ్లు చాలామంది ఉంటారు. పుట్టించండి, నేను వద్దనను. చెత్తబుట్ట మోయమన్న మనిషికి ఆ మాట చాలా తక్కువని నేను ఇప్పటికీ వాదిస్తాను. కాకపోతే గుడ్లగూబ ముసుగు మీకు ఉంది. గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డవాడికి లేదు.

బుధవారాలు మాత్రం ఆగలేదు. రైడర్లు ఇంగ్లీషు నోటీసులు పట్టుకుని వచ్చి బెంచీ చివర వైపు చూసేవాళ్లు. "టైపు సార్ రాలేదా మేడం?" అని ఒక నెలపాటు అడిగారు. తర్వాత కాగితాలు నాకే ఇవ్వడం మొదలుపెట్టారు. చదివి పెట్టాను. ఒక్క వాక్యం వదలకుండా చదివాను, చాలా ఆలస్యంగా అబ్బిన మంచి అలవాటు.

ఆఫీసు మూసేస్తున్నారని తెలిసిన వారం, చెన్నైకి ఉత్తరం రాశాను. ఆ మాట నాదేనని, ఆయనకు అనమని చెప్పింది నేనేనని, నాలుగో ప్రశ్న సగమే అడిగానని, రెండో సగానికి జవాబు నేనే కల్పించి చెప్పానని. ఊడిపోతున్న కుర్చీలో కూర్చుని నిజం రాయడం నల్లేరు మీద బండి నడక. వారం తర్వాత జవాబొచ్చింది. నా నిజాయితీకి ధన్యవాదాలట. ఆయన ఐడీ తిరిగి తెరిచారట.

నాంపల్లిలో మెట్రో దిగి కోర్టుల వైపు నడిచాను. అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఒక జిరాక్సు షాపు మెట్ల పక్కన, గోడకు ఆనించిన బల్ల. ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ. టైపు సారు ఎవరికో చేత్తో ఫారం నింపుతున్నాడు. షాపులో కంప్యూటరు కుర్రాళ్లకు తీరిక లేనప్పుడు, చదువురానివాళ్లను ఈయన దగ్గరికి పంపిస్తారట. చొక్కా టక్ చేసుకునే ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"అరె, మేడం! కూసోండ్రి," అని లేచి తన కుర్చీయే ఇచ్చాడు. "చాయ్ చెప్పన్నా?"

కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. వాక్యాలు ముందే తయారు చేసుకుని వచ్చాను, వక్తృత్వ పోటీ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆయన పెన్ను మూత పెట్టి విన్నాడు.

"మొన్న ఫోన్ల మెసేజి వచ్చింది. 'మళ్లీ స్వాగతం' అని," అన్నాడు. "ఏంది గిది అనుకున్న. మీరు రాసిన్రా?"

"ఔ."

"ఎప్పుడు రాసిన్రు?"

"ఆఫీసు మూసేటప్పుడు."

"మూసేటప్పుడు," అన్నాడు ఆయన, తల ఊపుతూ.

అక్కడితో నోరు మూసుకోవచ్చు కదా. క్షమించమని అడగడానికి వెళ్లి కూడా నేను ఎదురుప్రశ్నే వేశాను.

"మీరన్న చెప్పాల్సింది సార్. నా పేరు చెప్పుండ్రి అని నేనే అంటి గద."

"మీరు అడగలే గద మేడం," అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. "ముప్పై ఏండ్లు కోర్టు బయట కూసున్న. అడగని దానికి జవాబు చెప్పద్దని సాక్షులకు మేమే చెప్పి పంపుతుంటిమి." పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "గానీ మీరు అడుగుతరనుకున్న."

 

"రేపటి సంది మళ్ల పోవచ్చు గద సార్," అన్నాను. "ఐడీ తెరిచిన్రు."

"బండేది మేడం?" అన్నాడు. "అమ్మేసిన. ఇంకో యాప్‌ల అడిగితే వయసు ఎక్కువన్నరు. ఒకాయన నన్ను గుర్తువట్టి, 'మీరు పల్లకి తాత గదా' అని ఫొటో దిగిండు గానీ, పని లేదన్నడు. బండి మీద ఆదివారం మా ఇంటామెను సికింద్రాబాద్ చర్చికి తీస్కపోతుంటి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బస్సు ఎక్కలేదు. ఇగ ఇంట్లనే ఫోన్ల ప్రార్థన వింటది." నవ్వే ప్రయత్నం చేశాడు. "మెట్లు కూడా ఇగ నాతోని కావు మేడం. ఆనాడైతే ఎక్కుదును."

అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూసి, నా వైపు తిప్పాడు. భోజనాల వేళ కదా. మీ పరిసరాల్లో ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయి, వెంటనే బయల్దేరండి అని ఉంది.

"మొన్నటి సంది గిదే. పొద్దుగాల పదకొండు కాంగనే మొదలైతది. ఇంట్ల ఉంటే మా ఇంటామె ప్రతిసారి అడుగుతది, 'పిలుస్తున్నరా?' అని. ఏం చెప్పాలె?" ఫోను నా చేతిలో పెట్టాడు. "దీన్ని తీసెయ్యిండ్రి మేడం. నాకు తీయరాక కాదు. మూడేండ్లు అన్నం పెట్టింది. నా చేతితోని తీయబుద్ధయితలేదు."

ఫోనులో ఆ యాప్ బొమ్మ మీద వేలు ఆనించి పట్టుకున్నాను. తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి. ఆయనకు కళ్లజోడు ఉంది, చదువుకోగలడు. అయినా రెండూ పైకి చదివి వినిపించాను. ఈ యాప్‌ను తొలగించాలా? తొలగిస్తే ఇందులో మీకు సంబంధించినదంతా పోతుంది.

"ఔ మేడం," అన్నాడు.

నొక్కాను.